రెండో పిలుపు

మేడ్చల్ బస్టాండు దగ్గర నేను ఎప్పుడూ వెళ్లే కటింగ్ షాపులో వెనక గోడకు ఒక టీవీ ఉంది, అద్దంలో కనిపిస్తుంది. వేసవి సెలవుల్లో దాని రిమోటు షాపాయన కూతురి చేతిలో ఉంటుంది కాబట్టి, గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాడు ఎంత పెద్దమనిషైనా పిల్లల సినిమా చూడాల్సిందే. మొన్న మొహం నిండా నురగతో కూర్చున్నాను. తెరమీద ఒక అక్క, ఒక తమ్ముడు మెట్ల కింద పాత తలుపు తోసుకుని, నీలం గడ్డి మొలిచిన ఏదో లోకంలోకి దిగుతున్నారు. తమ్ముడు వెనక్కి తిరిగి, "భయమైతే నా చొక్కా పట్టుకో అక్కా" అన్నాడు.

"ఈ పిల్లాడు పోయి ఇంకా నెల కూడా కాలేదు" అన్నాను, నాకు తెలియకుండానే పైకి.

కత్తి నా చెంప మీద ఆగింది. "గీ ఇంగ్లీసు పిలగాడా సార్? ఎట్ల పోయిండు?"

"పిల్లాడు కాదయ్యా. వాడి గొంతు. ఆ గొంతు ఇచ్చింది మన శామీర్‌పేట దిక్కు ఆవిడ."

షాపాయన అద్దంలో నా మొహాన్నీ, టీవీలో పిల్లాడి మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. "సప్పుడు తక్కువ జెయ్యి బిడ్డా" అన్నాడు కూతురితో. ఆ అమ్మాయి వినిపించుకోలేదు. పిల్లాడు నా వీపు వెనక నవ్వుతూ, ఆయాసపడుతూ, అక్కను తొందరపెడుతూనే ఉన్నాడు. సగం గడ్డంతో లేచి వెళ్లిపోవాలనిపించింది.

నేను పరాయి భాషల సినిమాలకు తెలుగు మాటలు రాస్తాను. పేరొచ్చే పని కాదు. తెరమీద పెదవులు ఎంతసేపు కదిలితే అంతసేపే మాట ఉండాలి, అవి మూతపడ్డచోట ఒక పకారమో మకారమో పడాలి. ఆ పైన అర్థం కూడా మిగిలితే అది మన అదృష్టం. ఎందుకో నాకు పెద్దవాళ్ల మాటలు రాయడం రాదని తేల్చేసి, పిల్లల సినిమాలన్నీ నా నెత్తిన వేస్తారు. వాటన్నిటిదీ ఒకటే కథ. తోబుట్టువులు, సెలవులు, పట్టించుకోని పెద్దలు, ఒక అటకో సొరంగమో, దాని అవతల ఇంకో లోకం. ఆ తోబుట్టువుల్లో పదేళ్ల మగపిల్లాడు ఉంటే వాడికి షాపులో నేను చెప్పిన ఆవిడదే గొంతు. ఒక్కోసారి అక్కకు కూడా ఆమే. మగపిల్లల గొంతులు ఆడవాళ్లే ఇస్తారని బయట చాలామందికి తెలియదు. నలభై దాటి, జుట్టు సగం నెరిసి, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కే మనిషి ఇస్తుందంటే అసలే నమ్మరు.

ఆమెను చూడకుండా వింటే చిన్నపిల్లే. గ్యాసు బండ తెచ్చేవాడు ఫోన్ చేసి "మీ అమ్మకియ్యమ్మా" అనేవాడట. "ఇస్త, ఆగు" అని ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుని, అదే గొంతుతో "ఆఁ, జెప్పు" అనేదట. వాడు మళ్లీ "అమ్మకియ్యమ్మా" అనేవాడట. ఇదంతా చేసి చూపించి మమ్మల్ని పొట్టచెక్కలయ్యేలా నవ్వించేది, తను మాత్రం నవ్వేది కాదు.

మైకు ముందు చెప్పులు విడిచి నిలబడేది. తమ్ముడైతే కొంగు నడుముకు చెక్కి, ఒక కాలు ముందుకు పెట్టేది. అక్కయితే కొంగు దించి, రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకునేది. చెవులు మూసుకున్నా సరే, ఎవరు మాట్లాడబోతున్నారో కాళ్లు చూసి చెప్పగలిగేవాళ్లం. ఆ గొంతును ఆమె కాపాడుకున్నట్టు నేను నా కళ్లజోడును కూడా కాపాడుకోలేదు. సల్ల తాగదు, పెరుగు ముట్టదు, ఎండాకాలంలో కూడా స్టీలు సీసాలో గోరువెచ్చని వాము నీళ్లు. ఎవరిమీదా అరవదు. ఇంట్లో చావు జరిగినా గట్టిగా ఏడవలేదని ఆమే చెప్పింది. "గొంతు పాడైతె మల్ల దొరకది సార్" అనేది. పని కోసం జాగ్రత్త అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఇంకో వింత అలవాటు ఉండేది. ఎవరు ఎవరిని పిలిచినా ఆమె పలికేది. స్టూడియో నడవాలో ఎవరో ఎలక్ట్రీషియన్‌ను కేకేస్తే గాజు గదిలోంచి "ఆఁ" అనేది. బస్సులో వెనకసీటావిడ తన కూతుర్ని పిలిస్తే ముందుసీట్లోంచి ఈమె "ఆఁ" అనేది. ఫోను మోగీ మోగకముందే ఎత్తేది. కొన్నిసార్లు ఎవరూ ఎవరినీ పిలవకుండానే తల తిప్పి "ఆఁ" అనడం నేను కళ్లారా చూశాను. చూసి, చేతిలో బిస్కట్టు పక్కన పెట్టేశాను.

"ఎవరు పిలిచారు?" అని అడిగాను ఒకసారి.

"ఎవ్వరు లేరు సార్. లేకున్న పలుకుడు మంచిది."

తను పిలిచేటప్పుడు మాత్రం ఎవరినీ ఒక్కసారి పిలిచి ఊరుకోదు. "సార్, సార్." "అన్నా, అన్నా." స్టూడియో మెట్లమీది పిల్లిని కూడా రెండుసార్లు. ఈ జబ్బు తెరమీదికి కూడా ఎక్కి నా ప్రాణం తీసేది. సినిమాలో పిల్లాడు ఒక్కసారి నోరు తెరిచి అక్కను పిలుస్తాడు. ఈమె "అక్కా, అక్కా" అంటుంది. నోరు మూసుకున్న పిల్లాడి మొహం మీద రెండో "అక్కా" దిక్కులేకుండా తిరుగుతుంది.

"అమ్మా తల్లీ, వాడు ఒక్కసారే పిలిచాడు" అనేవాణ్ని.

"ఒక్కసారి పిలిస్తె ఎవరు పలుకుతరు సార్?"

"రాసేవాణ్ని నేను. నేను పలికిస్తాను. నువ్వు ఒక్కసారి పిలువు."

మూతి ముడుచుకుని ఒక్కసారే పిలిచేది. మైకు ఆపాక గోడ వైపు తిరిగి, ఆ రెండోది మెల్లగా అక్కడ అనుకునేది.

పని అయిపోయిన రోజున ఇంకో తంతు. ఈ సినిమాల చివర పిల్లలు వెళ్లిన దారినే తిరిగి ఇంట్లోకి వచ్చి పడతారు. అక్కడ మాటలుండవు, ఆమెకు పని ఉండదు. అయినా ఆ ముక్క వేయించుకుని నిలబడి చూసేది. చివరి పిల్లాడి కాలు గడప ఇవతల పడేదాకా ఊపిరి బిగబట్టి, పడగానే "వచ్చిన్రు" అని, చెప్పులేసుకుని బస్సుకు వెళ్లిపోయేది.

ఒకరోజు టీ తాగుతూ, "సార్, సార్" అంది. "ఈ పిల్లలు ఆడ ఏండ్లకు ఏండ్లు ఉండి వస్తరు. ఈడ జూస్తె పొయ్యిమీద పాలు గూడ పొంగి ఉండయి. ఉల్టా గూడ ఉంటదా? ఆడ ఒక్క గడియ, ఈడ జిందగీ మొత్తం?"

"కథ రాసేవాడి ఇష్టం. ఉంటే ఉంటుంది" అన్నాను తలెత్తకుండా.

"అట్లయితె వాపస్ వచ్చిన పిలగాడు ఇంటోళ్లను ఎట్ల గుర్తువట్టాలె? అందరు ముసలోళ్లయి ఉంటరు గద."

నేను కాగితం మీద పెదవుల కదలికలకు గుర్తులు పెట్టుకుంటున్నాను. జవాబు ఆమే చెప్పుకుంది. "గొంతు గుర్తువడ్తడు."

పోయిన వానాకాలంలో ఒక సినిమా వచ్చింది. మళ్లీ అక్కా తమ్ముడే. ఎండిపోయిన బావి అడుగున ఒక సందు, దాని అవతల ఎప్పుడూ సాయంత్రంగానే ఉండే ఊరు. తమ్ముడు ముందు దిగిపోతాడు, అక్క బావి గట్టున ఉండిపోతుంది. లోపలి నుంచి వాడు పిలుస్తాడు. తెరమీద చీకటి బావి తప్ప ఏమీ కనిపించదు. అక్క కొంచెం ఆగి "ఎవరూ?" అనాలని రాశాను. రెండు గొంతులూ ఆమెవే. మొదటిరోజు తమ్ముడి మాటలన్నీ ఇచ్చేసింది. మర్నాడు కొంగు దించుకుని అక్కగా నిలబడింది. చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్‌లో తమ్ముడి గొంతు, అంటే తన నిన్నటి గొంతే వినిపిస్తుంది. దానికి తను జవాబివ్వాలి.

బావి వచ్చింది. పిలుపు వినిపించింది. ఎవరు పిలిచినా పలికే మనిషి నోరు తెరవలేదు. హెడ్‌ఫోన్ తీసి, లోపల పురుగేదో ఉన్నట్టు చేతిలో పట్టుకుని చూసింది.

"గిది నేను పిలిచింది కాదు సార్."

సౌండ్ ఇంజనీరు నవ్వాడు. "నిన్న నువ్వే ఇచ్చినవ్ గదక్కా."

"నేను అక్కా అని గుంజి పిలిచిన. గీడ అక్క అని పొట్టిగున్నది."

ఆ ముక్క స్పీకర్లో పెట్టుకుని విన్నాం. నిజమే. నేను రాసిందీ, ఆమె ఎప్పుడూ చెప్పేదీ సినిమాల్లో వినిపించే సాగదీసిన "అక్కా". మిషన్లో ఉన్నది మా దిక్కు పల్లెల్లో పిల్లలు ఆట మధ్యలో పిలిచే పొట్టి "అక్క". గొంతు మాత్రం ఆమెదే. అలసటలో ఇంటి యాస వచ్చేసి ఉంటుంది, నిన్న మేమెవరం గమనించి ఉండం. ఇప్పటికీ నేను అదే అంటాను. అయినా దాచుకోవడం ఎందుకు, ఆ గదిలో నాకు భయమేసింది. ఇంజనీరు కూడా నవ్వు ఆపేశాడు.

"మల్లొక్కసారి వెయ్యన్నా" అంది.

వేశాడు. చీకటి బావి. "అక్క."

"ఆఁ, వస్తున్న" అంది ఆమె.

అది నేను రాసిన మాట కాదు. అక్క గొంతూ కాదు, తమ్ముడి గొంతూ కాదు. నలభై దాటిన ఆడమనిషి గొంతు, కొంచెం జీరపోయినది. ఇన్నేళ్లలో నేను ఆ గొంతు విననే లేదు. తలుపు వేసి ఉన్న గదిలోకి ఇంకెవరో వచ్చినట్టు నేను వెనక్కి తిరిగి చూశాను.

"చిన్నపిల్ల లెక్క కావాలక్కా" అన్నాడు ఇంజనీరు. ఆమె మళ్లీ ప్రయత్నించింది. వాము నీళ్లు తాగింది, కాసేపు బయట కూర్చుని వచ్చింది. పిల్ల గొంతు రాలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఇక రాలేదు. అక్క మాటలు వేరే అమ్మాయితో చెప్పించారు. తెరమీది పిల్ల మొహానికి ఆ "వస్తున్న" నప్పదు కదా, దాన్ని తీసేశారు.

ఆ సాయంత్రం ఆమెను నా కార్లో ఎక్కించుకున్నాను. ఆమెది లాల్‌గడి మలక్‌పేట్, నాది మేడ్చల్, శామీర్‌పేట దాకా ఒకే దారి. ఆ పూట ఊరిదాకా దింపుతానన్నాను. తూంకుంట దాటాం. ఇంకా వెలుతురుండగానే ఊరికి ఇవతల ఆపమంది. అక్కడ ఇళ్ల ప్లాట్ల కొత్త వెంచర్ ఒకటి, ఇళ్లు లేని సిమెంటు రోడ్లు, రంగు వేసిన హద్దురాళ్లు, కాపలా లేని గేటు. నడిమధ్యన పెద్ద రాతి గుండు ఒకటి మిగిలి ఉంది.

"పక్కపొంటి ఇంకో గుండు ఉండె సార్. పేల్చి కంకర జేసిన్రు. రెండింటి నడుమ సందు. అడ్డంగ దూరితె ఒక్క మనిషి పడుతుండె."

చిన్నప్పుడు ఊళ్లో ఎవరింట్లోనో టీవీలో, ఎవరికీ అర్థంకాని భాషలో, తోబుట్టువులు కొండ సందులోంచి ఇంకో లోకానికి పోయే సినిమా చూశారట. ఆమె తమ్ముడు తెర ముందు కూర్చుని, ఎవరు ఏమంటున్నారో తనే కల్పించి, అన్ని గొంతులూ తనే మార్చి తెలుగులో చెప్పాడట. ముసలివాళ్లు కూడా వాడి మాటలే విన్నారట. "మా ఇంట్ల మొదలు డబ్బింగ్ జెప్పింది వాడే సార్" అంది. అప్పటినుంచి ఆ గుండ్ల సందు వాళ్లిద్దరి తలుపు. అవతల ఉన్నవి మామూలు మెట్ట చెలకలే. కానీ ఈ దిక్కునుంచి దూరి ఆ దిక్కు తేలితే అది వేరే దేశం. రోజూ పోయి రోజూ వచ్చేవాళ్లు.

ఒకరోజు ముందు ఎవరు దూరాలని కొట్లాట అయింది. ఆమె అలిగి ఇంటికి వచ్చేసింది. పొద్దుగూకింది, కరెంటు లేదు, అవ్వ, అంటే వాళ్ల నాయనమ్మ, గూట్లో దీపం పెట్టింది. ఆ ఇంట్లో అవ్వ కట్టడి ఒకటి ఉండేది. మా ఇంట్లోనూ ఉండేది, ఈ దిక్కు చాలా ఇళ్లల్లో ఉండేది. దీపం పెట్టాక బయటినుంచి ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకు పలకకూడదు. మనిషైతే మళ్లీ పిలుస్తాడు. మనిషి కానిది ఒక్కసారే పిలుస్తుంది, పలికిన వాళ్లను వెంట తీసుకుపోతుంది.

"అక్క అని పిలిచిండు సార్, గీ గుండ్ల దిక్కుకెళ్లి. నేను గడపల నిలవడి ఉన్న. నోట్లెకు ఆఁ వచ్చింది. అవ్వ మాట యాదికొచ్చి మింగిన. మల్ల పిలుస్తడు గద, అప్పుడు పలుకుత అనుకున్న."

నేను గేటు అవతలి గుండు వైపు చూశాను.

"మల్ల పిలువలే" అంది.

ఊరంతా వెతికారట. బావులు, చెరువు, జింకల పార్కు కంచె పొడవునా. చెప్పు కూడా దొరకలేదు. వాడు పిలిచినట్టు నీకేమైనా వినిపించిందా అని అందరూ ఆమెను అడిగారు. వినిపించలేదని చెప్పింది. నాయినకు, అవ్వకు, పోలీసులకు, అందరికంటే ముందు అమ్మకు. నాయిన పోయాడు, అవ్వ పోయింది. ఆమెకు పెళ్లి చేసి గండిమైసమ్మ దగ్గరి ఊరికి ఇచ్చారు. అక్కడ నిలవలేక వచ్చేసి అమ్మ దగ్గరే ఉండిపోయింది. ప్లాట్ల వాళ్లు ఎన్నిసార్లు వచ్చినా తల్లీ కూతుళ్లు ఇల్లు అమ్మేది లేదనే అన్నారు.

"మీకు నవ్వొస్తది సార్. వాడు వస్తె గట్లనే వస్తడు, పదేండ్ల పిలగాడు. నన్ను జూస్తె ఎవలో ముసలామె అనుకుంటడు. గందుకే గొంతు దాసిన. టీవీల వింటె గూడ, మా అక్క ఈడనే ఉన్నదని ఎరుకైతది గద." కొంగు సర్దుకుంది. "ఇయ్యాల మొదటి పిలుపుకే పలికిన."

"అది నీ గొంతే. నిన్న నువ్వు ఇచ్చిందే" అన్నాను. కొంచెం కోపంగానే అన్నాను. భయపడితే నాకు కోపం వస్తుంది.

"అయితె కానీ సార్. పలికిన గద." గుండు వైపు చూస్తూనే అంది. "అమ్మకు మాత్రం తెల్వనియ్యకుండ్రి. తమ్ముడు పిలిస్తె నేను మాట్లాడకుండ నిలవడ్డనని తెలిస్తె ఆమె పాణం నిలవది."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

ఆ తర్వాత ఆమెకు పని రాలేదు. అడపాదడపా ఫోన్ చేసేది. ఆ కొత్త గొంతు నాకు అలవాటు కాలేదు, ప్రతిసారీ "ఎవరండీ?" అనేవాణ్ని. "నేనే సార్, ముసలామెను" అని నవ్వేది. నవ్వడం కూడా అప్పుడే విన్నాను. ఆ మనిషి తేలికపడింది, అది ఫోన్లో కూడా తెలిసేది. నాకు మాత్రం ఆ తేలిక నచ్చలేదు, బస్సుకోసం సంచి సర్దుకుని కూర్చున్న వాళ్లలా ఉండేది. ఎండలు ముదరకముందు జ్వరం పట్టుకుంది, తర్వాత కామెర్లన్నారు. పోయిన రోజు నేను ఊళ్లో లేను. ఉండి ఉంటే వెళ్లేవాణ్నా అని అడిగితే, వెళ్లేవాణ్ని అని గట్టిగా చెప్పలేను.

మొన్న ఆ కటింగ్ షాపులోంచి లేచి, ఇంటికి పోకుండా నేరుగా లాల్‌గడి మలక్‌పేట్ వెళ్లాను. ఆమె తల్లి వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయిన పెద్దావిడ.

"నా బిడ్డెకు మాటలు రాసిచ్చే సారువా?" అంది. అవునన్నాను. కుర్చీ చూపించింది. చాలాసేపు ఇద్దరం రోడ్డు మీద పోయే కంకర లారీలను చూస్తూ కూర్చున్నాం.

"తమ్ముని ముచ్చట ఏమన్న జెప్పిందా సారు మీకు?"

"చిన్నప్పుడు తప్పిపోయాడని చెప్పిందమ్మా."

"ఇంకేం జెప్పలే?"

"లేదమ్మా."

పెద్దావిడ కొంగుతో మోకాలు తుడుచుకుంది, అక్కడ ఏమీ లేకపోయినా. "ఇగ దాసిపెట్టెతందుకు ఇంట్ల ఎవ్వరు లేరు. మీకు జెప్త. వాడు పిలిచిండు సారు. ఎనుక దొడ్లె నేను రొట్టెలు జేస్తున్న. అక్క అని ఒక్కసారి పిలిచిండు. నా పాణం గుంజింది. ఆఁ బిడ్డా అందమని నోరు దెరిసిన. మొదటి పిలుపుకు పలుకొద్దని మా అత్త జెప్పేది గద. రెండోసారి పిలువనీ అని, పెన్కమీది రొట్టె మర్లేసి చెవి వెట్టిన." ఆగింది. "ఇన్నేండ్లు గట్లనే చెవి వెట్టి ఉన్న."

"మీ అమ్మాయికి చెప్పలేదా అమ్మా?" అన్నాను.

"ఎట్ల జెప్పాలె సారు? కొడుకు పిలిస్తె తల్లి పలుకలేదని తెలిస్తె నా మొకం జూస్తుండెనా అది? దానికి వినవడలే. ముంగట గడపల ఉండె. వినవడితె అది ఆగుతుండెనా, ఉరుకుతుండె." కళ్లు తుడుచుకోలేదు, నా మొహంలోకే చూస్తోంది. "నా పాపం నేనొక్కదాన్నే మోసిన. పిల్ల అన్న నిమ్మలంగ బతికింది. దానికి వినవడకపోవుడే మంచిగైంది, కాదు సారు?"

"అవునమ్మా" అన్నాను. "ఆమెకు వినపడలేదు."